సున్నా రావాల్సిన చోట ఏం వస్తోందో ముందు చూడు

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వాట్సాప్‌లో పంపిన స్కోపు (ఆసిలోస్కోపు, వోల్టేజిని గీతగా చూపే పరికరం) ఫొటోలు చూశాను. ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను గానీ, ఇలాంటివి ఫోన్లో చెబితే సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. పక్కన కాగితం పెట్టుకుని చేసుకోవాల్సిన పని కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నాకు అర్థమైనంతవరకు నీ గొడవ ఇదీ. చార్జరు బోర్డులో హాఫ్ బ్రిడ్జ్ ఉంది, అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు మాస్‌ఫెట్ స్విచ్‌లు. పై మాస్‌ఫెట్‌ని ఆన్ చేసే గేటు కాలికీ, దాని సోర్సు కాలికీ మధ్య 12 వోల్టులు శుభ్రంగా నిలబడాలి. నీ స్కోపులో మాత్రం స్విచ్ పడిన క్షణంలో 16 వోల్టుల దాకా స్పైకు లేస్తోంది, ఆ తర్వాత కాసేపు ఊగుతోంది. అది చూసి మీ సార్ గేట్ రెసిస్టర్ పెంచమన్నారు. పెంచితే స్విచింగ్ నెమ్మదిస్తుంది, మాస్‌ఫెట్ వేడెక్కుతుంది, హీట్ సింక్ చాలదు, చివరికి అందరూ నీ మీదే పడతారు. అందుకని సోల్డరింగ్ ఐరన్ ఇప్పుడే ఆన్ చేయకు. ఆ స్పైకు నిజంగా బోర్డులో ఉందా, లేక నీ ప్రోబులో, స్కోపులో పుట్టిందా అన్నది ముందు తేల్చుకో. దీనికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం కుదురుగా కూర్చుంటే చాలు.

ఆ పై మాస్‌ఫెట్ సోర్సు కాలు ఎక్కడ ఉందో చూడు. 230 వోల్టుల మెయిన్స్‌ని రెక్టిఫై చేస్తే డీసీ బస్ (బోర్డులోని డీసీ సరఫరా లైను) మీద సుమారు 325 వోల్టులు ఉంటాయి. సోర్సు ఒక క్షణం బస్ నెగటివ్ దగ్గర ఉంటుంది, 20 నానోసెకన్లు తిరిగేసరికి 325 మీద కూర్చుంటుంది. గేటు కూడా దానితోపాటే, దానికంటే 12 వోల్టులు పైన, ఎగురుతుంది. గోదావరిలో లాంచీ ఊగుతుంటే అందులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరూ కలిసే లేస్తారు, కలిసే దిగుతారు. వాళ్లలో ఎవరు ఎంత పొడుగో ఒడ్డున నిలబడి కొలవాలి. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఆ ఊపే కామన్ మోడ్. నీకు కావాల్సింది 12 వోల్టుల తేడా, దాన్ని మోస్తున్న ఊపు 325 వోల్టులు. ఆ ఊపుని నూటికి నూరుపాళ్లు వదిలేయగల ప్రోబు ఈ లోకంలో లేదు. ఎంతో కొంత కారి తేడాలో కలుస్తుంది. ఎంత కారుతుందో చెప్పే అంకె సీఎంఆర్ఆర్ (కామన్ మోడ్ రిజెక్షన్ రేషియో).

దాన్ని డెసిబెల్స్‌లో రాస్తారు గానీ, నువ్వు చూసిన వెంటనే నిష్పత్తిలోకి మార్చుకోవడం అలవాటు చేసుకో. 20 డెసిబెల్స్ అంటే పదో వంతు కారుతుంది. 40 అంటే వందో వంతు, 60 అంటే వెయ్యో వంతు, 80 అంటే పదివేలో వంతు. నువ్వు పంపిన డిఫరెన్షియల్ ప్రోబు (రెండు లీడ్ల మధ్య తేడాని చూపే ప్రోబు) డేటాషీట్ పేజీలో మొదటి లైనులో పెద్దగా 80 డెసిబెల్స్ అని ఉంది. పక్కనే చిన్నగా 50/60 హెర్ట్జ్ అని ఉంది, అది చదివావా? రెండు లైన్ల కింద 1 మెగాహెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ అని ఉంది. 26 డెసిబెల్స్ అంటే ఇరవయ్యో వంతు. 325ని 20తో భాగించు, 16 వోల్టులు. నువ్వు కొలవాలనుకున్న 12 వోల్టుల కంటే కారేదే ఎక్కువ. పైగా 20 నానోసెకన్ల అంచు 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగదు. 0.35ని రైజ్ టైముతో, అంటే అంచు లేవడానికి పట్టే ఆ 20 నానోసెకన్లతో భాగిస్తే దాని బ్యాండ్‌విడ్త్ 17 మెగాహెర్ట్జ్ పైన వస్తుంది. అక్కడ నీ ప్రోబు పరిస్థితి ఇంకా కనాకష్టం. డేటాషీట్‌లో వేసేది మామూలుగా కంపెనీ హామీ ఇచ్చే కనీసపు అంకె కాబట్టి నీ చేతిలోని ప్రోబు దానికన్నా మెరుగ్గానే ఉండొచ్చు. అయినా 4 వోల్టుల స్పైకు దానిలోంచే వచ్చిందంటే నేనేమీ ఆశ్చర్యపోను.

అసలు పనిలోకి దిగేముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నీ మెసేజ్‌లో, పక్క సీటు కుర్రాడు స్కోపు ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేసి కొలుస్తాడని రాశావు. ఆ పని నువ్వు చేయకు, అతన్నీ చేయనివ్వకు. మామూలు బెంచ్ స్కోపులో అన్ని ఛానళ్ల బీఎన్‌సీ (ప్రోబు తగిలించే సాకెట్) బయటి గొట్టాలూ లోపల ఒకటే, అవి బాడీకి, బాడీ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ పిన్ను తీసేసి ప్రోబు క్లిప్పుని సోర్సుకి తగిలిస్తే ఆ స్కోపు బాడీ, నాబుల చుట్టూ ఉన్న లోహం, పక్కన పెట్టిన యూఎస్‌బీ కేబులు అన్నీ 325 వోల్టులతో ఎగురుతుంటాయి. నాబు తిప్పడానికి చెయ్యి పెట్టేది నువ్వే. ప్రాణం సంగతి పక్కన పెట్టినా, కొలతగా చూసినా అది పనికిరాదు. అంత పెద్ద డబ్బాకి భూమితో ఉండే కెపాసిటెన్స్ మొత్తాన్నీ తీసుకెళ్లి నీ స్విచింగ్ నోడుకి వేలాడదీసినట్టవుతుంది. ఇక నువ్వు కొలిచేది వేరే సర్క్యూట్.

అలాగే మీ బెంచ్ సాకెట్లో ఎర్త్ నిజంగా ఉందో లేదో మల్టీమీటర్‌తో చూసుకో. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకట్రెండు వోల్టులు ఉండాలి. మూడు కన్నాలున్నంత మాత్రాన మూడో కన్నం వెనక తీగ ఉన్నట్టు కాదు. మన ఊళ్లలో ఎన్ని చోట్ల చూశానో లెక్కలేదు. ఇంకోటి, ప్రోబు తగిలించేదీ తీసేదీ పవర్ ఆపి, బస్ కెపాసిటర్ల మీద మీటరు పెట్టి, వోల్టేజి దిగిపోయిందని చూశాకే. స్విచ్ ఆపినా అవి చాలాసేపు పట్టుకుని ఉంటాయి.

సరే, ఇప్పుడు అసలు పరీక్ష. ఇది విన్నాక ఇంతేనా అంటావు. డిఫరెన్షియల్ ప్రోబు ఎర్ర లీడు ఇప్పుడు గేటు మీద, నల్ల లీడు సోర్సు మీద ఉన్నాయి కదా. ఎర్ర లీడుని గేటు మీద నుంచి తీసి, దాన్ని కూడా సోర్సు మీదే పెట్టు. రెండు లీడ్లూ ఒకే పిన్ను మీద. స్కోపు సెట్టింగు ఏదీ మార్చకు, అదే వోల్ట్స్ పర్ డివిజన్, అదే టైమ్‌బేస్. ట్రిగర్ మాత్రం రెండో ఛానల్ నుంచి, పీడబ్ల్యూఎం (మాస్‌ఫెట్లని ఆన్, ఆఫ్ చేయించే) సిగ్నల్ మీద పెట్టుకో. మెయిన్స్‌తో సంబంధం లేని కంట్రోల్ వైపు ఆ సిగ్నల్ దొరికితే అక్కడే తీసుకో, అది లేకపోతే ఇంకో డిఫరెన్షియల్ ప్రోబు తెచ్చుకో. బోర్డు ఆన్ చెయ్యి. ఒకే బిందువుకీ అదే బిందువుకీ మధ్య తేడా సున్నా. తెర మీద గీత చదునుగా, కదలకుండా ఉండాలి. ఉండదు. స్విచ్ పడిన ప్రతిసారీ ఒక స్పైకు కనిపిస్తుంది. ఆ కనిపించేదంతా అబద్ధమే. అంత అబద్ధం నీ మొదటి ఫొటోలో కూడా కలిసి ఉంది.

ఆ ఫొటో దాచుకో. ఇప్పుడు రెండు లీడ్లూ కలిపి బస్ నెగటివ్ మీద పెట్టి ఇంకోటి తీసుకో. అక్కడ ఎగరడం లేదు కాబట్టి గీత దాదాపు నిశ్శబ్దంగా ఉండాలి. అక్కడ కూడా స్పైకులు కనిపిస్తే తప్పు సీఎంఆర్ఆర్‌ది ఒక్కటే కాదు, లీడ్ల మధ్య ఉన్న చుట్టులోకి మాగ్నెటిక్‌గా దూరుతోందన్నమాట. అప్పుడు లీడ్లు రెండూ మెలేసి, ఇండక్టరుకి దూరంగా జరిపి మళ్లీ చూడు. మారితే సంగతి అదే. నీ ఫొటోలో ఒక లీడు హీట్ సింకుకి ఇటు, ఇంకోటి అటు పోతోంది. ఆ మధ్యలో అగ్గిపెట్టె పట్టేంత ఖాళీ ఉంది. అది చూడగానే నాకు సగం విషయం తెలిసిపోయింది.

రెండో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. మళ్లీ గేటు, సోర్సు మీద మామూలుగా పెట్టి ఫొటో తీసుకో. తర్వాత లీడ్లు తారుమారు చెయ్యి, ఎర్రది సోర్సు మీద, నల్లది గేటు మీద. నిజమైన సిగ్నల్ తలకిందులవుతుంది, ప్లస్ 12 కాస్తా మైనస్ 12 అవుతుంది. కామన్ మోడ్ నుంచి కారిన స్పైకు ప్రోబు లోపలి తేడా వల్ల పుట్టింది కాబట్టి దానికి లీడ్లు ఎటు పెట్టావన్నది పట్టదు. అది ఇంతకుముందు పైకి ఉంటే ఇప్పుడూ పైకే ఉంటుంది. రెండు వేవ్‌ఫార్మ్‌లనీ సీఎస్‌వీగా దించుకుని ఎక్సెల్‌లో వేశావంటే, రెండూ కలిపి సగం చేస్తే ప్రోబు అబద్ధం, ఒకదానిలోంచి ఇంకోటి తీసి సగం చేస్తే అసలు గేటు వోల్టేజి దాదాపుగా బయటపడతాయి. దాదాపుగా అని ఎందుకన్నానంటే, లీడు మార్చినప్పుడు బోర్డు మీద పడే లోడు కూడా కొద్దిగా మారుతుంది.

ఆ లోడు సంగతి కూడా చెప్పేస్తాను, చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. ఎర్ర లీడుకి భూమితో 2 పికోఫారడ్లే ఉందనుకో. 325 వోల్టులు 20 నానోసెకన్లలో ఎగిరితే నానోసెకనుకి 16 వోల్టులు. రెండు పికోఫారడ్లని 16 వోల్టుల పర్ నానోసెకనుతో గుణిస్తే 32 మిల్లీయాంపులు. అంటే నువ్వు ఊరికే ప్రోబు తగిలించావనుకుంటున్నావు గానీ, ప్రతి అంచు దగ్గరా గేటులోంచి 32 మిల్లీయాంపులు లాగుతున్నావు. గేటు దారిలో 10 ఓమ్స్ ఉంటే అక్కడ మూడో వంతు వోల్టు తేడా వచ్చేస్తుంది. అంతేం కాదులే అనిపించొచ్చు. కానీ రేపు ఒకటిన్నర వోల్టుల దగ్గరే థ్రెషోల్డ్ (ఆన్ అవడం మొదలయ్యే గేటు వోల్టేజి) ఉన్న గాలియం నైట్రైడ్ పార్టో, అంతకన్నా తక్కువదో చేతికొస్తే ఈ లెక్కే నిన్ను కాపాడుతుంది.

ఈ రెండు పరీక్షలతోనే నీ ప్రశ్నకి చాలావరకు జవాబు దొరుకుతుంది. లీడ్లు రెండూ సోర్సు మీద ఉన్నప్పుడు 4 వోల్టుల స్పైకు కనిపించి, తారుమారు చేసినా అటే చూస్తూ ఉంటే బోర్డుది తప్పు లేదు. లీడ్లు కలిపినప్పుడు అర వోల్టే కనిపించి, తారుమారు చేసినప్పుడు పెద్ద స్పైకు తలకిందులైతే మీ సార్ చెప్పింది నిజం, రెసిస్టర్ సంగతి ఆలోచించాల్సిందే. మధ్యస్థంగా వస్తే, ఇందులోంచి అది తీసేసి లెక్క తేల్చేద్దామని తొందరపడకు. ఇంకో సాక్ష్యం వెతుకు. కింద మాస్‌ఫెట్ ఉంది కదా, దాని సోర్సు బస్ నెగటివ్ మీద కదలకుండా కూర్చుంది. డ్రైవరు అదే, రెసిస్టర్ అదే, పీసీబీ మీద దారి కూడా ఇంచుమించు అదే. అదే ప్రోబుతో దాని గేటు చూడు. అక్కడ 12 వోల్టులు మర్యాదగా ఉండి, పైదాని దగ్గర మాత్రమే గోల ఉంటే అనుమానం కొలత మీదకే పోతుంది.

ఇక ఈ ప్రోబు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంతవరకు నమ్మకస్తురాలో ఒక్కసారి బెంచ్ మీద తేల్చి పెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది. ఫంక్షన్ జనరేటర్ అవుట్‌పుట్‌ని 20 వోల్టులు పీక్ టు పీక్ పెట్టు. రెండు లీడ్లూ జనరేటర్ మధ్య పిన్నుకే. స్కోపు రెండో ఛానల్‌లో జనరేటర్ సిగ్నల్, ట్రిగర్ దాని మీద. స్కోపు, ప్రోబు అరగంట వేడెక్కనివ్వు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి పదింతలు చొప్పున 10 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లు. ప్రతిచోటా మిగిలింది ఎంతో రాసుకో. 20 వోల్టులకి 1 వోల్టు మిగిలితే ఇరవయ్యో వంతు, 26 డెసిబెల్స్. 20 మిల్లీవోల్టులు మిగిలితే 60.

ఇక్కడ నీకొక చిక్కు వస్తుంది. ప్రోబు 50 రెట్లు తగ్గించి స్కోపుకి ఇస్తుంది, స్కోపు మళ్లీ 50 రెట్లు పెంచి చూపిస్తుంది, ఆ పెంపులో నాయిస్ కూడా పెరుగుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలేది ఆ నాయిస్‌లో మునిగిపోతుంది. అప్పుడు ఆవరేజింగ్ 128 పెట్టు. ట్రిగర్ జనరేటర్ మీదే ఉంది కాబట్టి దానితో లయ కలిసిందే నిలుస్తుంది, మిగతాది చెదిరిపోతుంది. అయినా ఏమీ కనిపించకపోతే, నీ పరికరాలతో కొలవగలిగిన దానికంటే బాగుంది అని రాసుకుని ముందుకెళ్లు. కింది ఫ్రీక్వెన్సీలలో ఇవన్నీ బాగానే ఉంటాయి. కొంప ముంచేది పైనే. ఇవన్నీ గ్రాఫ్ కాగితం మీద గీసి ప్రోబు డబ్బాలో పెట్టు. డేటాషీట్ కంటే దానికే విలువ, ఎందుకంటే అది నీ ప్రోబుది.

మా కాలంలో టెక్ట్రానిక్స్ 7ఏ22 అని ఒక ప్లగ్‌-ఇన్ ఉండేది, దాని సీఎంఆర్ఆర్ లక్షకి ఒకటి, అంటే 100 డెసిబెల్స్. కానీ బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జే. నీ అంచులు దానిముందు పెడితే అది చేతులెత్తేస్తుంది. ఇప్పుడు ఆప్టికల్ ఫైబర్ మీద సిగ్నల్ పంపే ప్రోబులు వచ్చాయి. అదే కంపెనీ 2016లో ఐసోవ్యూ పేరుతో తెచ్చింది, 100 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా 120 డెసిబెల్స్ అంటారు. బోర్డుకీ స్కోపుకీ మధ్య తీగే లేకపోతే ఊపు కారే దారి కూడా దాదాపు ఉండదు. ధర మాత్రం లక్షల్లో మాట. మీ కంపెనీ కొనిస్తానంటే వద్దనకు, కొనివ్వకపోయినా దిగులుపడకు.

మీ దగ్గర డిఫరెన్షియల్ ప్రోబు ఒక్కటే ఉందని, మిగతావాళ్లు రెండు మామూలు 10ఎక్స్ (సిగ్నల్‌ని పదో వంతు చేసే) ప్రోబులు పెట్టి స్కోపు మ్యాథ్‌లో ఛానల్ 1 మైనస్ ఛానల్ 2 చేస్తున్నారని రాశావు. 325 వోల్టుల బోర్డు మీద ఆ పద్ధతి వద్దు. మామూలు 10ఎక్స్ ప్రోబులకి రేటింగు మీద మిగులేమీ ఉండదు. 48 వోల్టుల బోర్డు మీద అయితే చేసుకోవచ్చు, కాకపోతే దాన్ని ముందు లొంగదీసుకోవాలి. రెండు ప్రోబులనీ జనరేటర్ ఒకే పిన్నుకి తగిలించు, రెండు క్లిప్పులూ దాని గ్రౌండుకి. సైన్ వద్దు, 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇవ్వు, 10 వోల్టులు. రెండు ఛానళ్లకీ ఒకే స్కేలు. మ్యాథ్ గీత ఒక్కదాన్నే పెద్దది చేసి చూడు.

ఆ మిగిలిన గీత ఆకారమే రోగం పేరు చెబుతుంది. చదునుగా ఒక చిన్న స్క్వేర్ వేవ్ మిగిలితే రెండు ఛానళ్ల గెయిన్‌లో తేడా ఉంది. స్కోపుల గెయిన్ ఖచ్చితత్వమే 2, 3 శాతం అని రాస్తారు. తేడా 3 శాతం ఉంటే నీకు దక్కేది 30 డెసిబెల్సే. ఒక ఛానల్ వోల్ట్స్ పర్ డివిజన్‌ని ఫైన్ మోడ్‌లో పెట్టి, చదును తగ్గేదాకా మెల్లగా సరిచెయ్యి. అంచు దగ్గర లేచి నెమ్మదిగా వాలిపోయే తోకలా మిగిలితే అది కాంపెన్సేషన్ (ప్రోబు కెపాసిటెన్స్ సర్దుబాటు) తేడా. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ఒక ప్రోబు ట్రిమ్మర్ తిప్పు. రెండోదాన్ని ముట్టుకోకు, దీన్ని దానికి జోడీ చేస్తున్నావంతే. అంచు దగ్గర సన్నటి సూదిలా మిగిలితే అది టైము తేడా. దాన్ని సరిచేయడానికి స్కోపు మెనూలో డెస్క్యూ ఉంటుంది. కేబుల్లో సిగ్నల్ మీటరుకి సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది, అంటే పొడవులో 20 సెంటీమీటర్ల తేడా ఉన్నా 1 నానోసెకను పోయినట్టే. 10 మెగాహెర్ట్జ్ దగ్గర 1 నానోసెకను తేడా అంటే 6 శాతం మిగులుతుంది, 24 డెసిబెల్స్. గెయిన్ ఎంత బాగా కలిపినా అది ఆ ఒక్క నానోసెకనుతో కొట్టుకుపోతుంది. జోడీ కుదిరాక రెండు ప్రోబులకీ ఒకే రంగు రింగులు వేసి, ఏది ఏ ఛానల్‌దో రాసిపెట్టు. ఇంకెవరైనా తీసుకెళ్లి మార్చేశారంటే మొత్తం మళ్లీ మొదటికే.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. మీ స్కోపు 8 బిట్‌లది, అంటే తెర మొత్తానికి 256 మెట్లు. తెర 10 వోల్టులు పట్టేలా ఉంటే ఒక్కో మెట్టు 40 మిల్లీవోల్టులు, 250లో ఒక వంతు. 48 డెసిబెల్స్ దాటి ఒక్క షాట్‌లో చూడాలని ఎంత ఆశపడ్డా కుదరదు. ఆవరేజింగో, హై రిజల్యూషన్ మోడో పెడితే కాస్త దిగొస్తుంది. మిగిలింది చిన్నదిగా ఉందని ఛానల్ స్కేలు పెంచి వేవ్‌ఫార్మ్‌ని తెర బయటికి పంపకు. తెర దాటినదాన్ని కన్వర్టర్ నరికేస్తుంది, రెండు ఛానళ్లలోనూ ఒకేలా నరికితే తీసివేత చక్కగా సున్నా చూపిస్తుంది. అంత అందమైన సున్నా చూస్తే భయపడాలి. పెంచాల్సింది మ్యాథ్ గీత స్కేలుని మాత్రమే.

నీ చివరి ఫొటో గురించి కూడా చెప్పాలి, అవుట్‌పుట్ రిపుల్ (డీసీ మీద మిగిలే చిన్న అలలు) కొలిచింది. అది ఐసోలేటెడ్ (మెయిన్స్‌తో నేరుగా తీగ సంబంధం లేని) వైపు కాబట్టి మామూలు ప్రోబు క్లిప్పు నెగటివ్‌కి పెట్టడంలో ప్రమాదం లేదు. కానీ ఆ 200 మిల్లీవోల్టుల రిపుల్‌లో ఎంత నిజమో అడిగి చూడు. ప్రోబు ముక్కుని దాని క్లిప్పుకే తగిలించి, రెండూ కలిపి అవుట్‌పుట్ నెగటివ్ మీద పెట్టు. ఇక్కడా సున్నానే రావాలి. స్పైకులు వస్తే, క్లిప్పుని బోర్డు మీద నుంచి తీసి, ముక్కుకి క్లిప్పు తగిలించే ఉంచి, అంతే దూరంలో గాల్లో పట్టుకో. గాల్లోనూ అలాగే ఉంటే క్లిప్పు వైరు చుట్టు యాంటెన్నాలా పట్టుకుంటోంది, ఆ జానెడు వైరు తీసేసి ముక్కు దగ్గర స్ప్రింగ్ గ్రౌండ్ వాడు. గాల్లో పోయి, బోర్డుకి ఆనించగానే వస్తే ప్రోబు షీల్డులోంచి కరెంటు పారుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ నుంచి సెకండరీకి మధ్య ఉండే వై కెపాసిటర్ దారిన వచ్చిన కరెంటు, నీ ప్రోబు షీల్డు మీదుగా స్కోపు ఎర్త్‌కి పోతోందన్నమాట. ప్రోబు కేబుల్‌ని ఒక ఫెరైట్ రింగులో నాలుగైదు చుట్లు చుట్టు. లోపలి సిగ్నల్‌కి ఫెరైట్ తగలదు, షీల్డు మీద పారే ఉమ్మడి కరెంటుకే అడ్డుపడుతుంది. రింగు వేయగానే బొమ్మ మారిందంటే, అంతకుముందు చూసినదాంట్లో అది ఉన్నట్టే. ఆ పక్కనే చార్జరు పెట్టిన లాప్‌టాప్ స్కోపుకి యూఎస్‌బీతో తగిలించి ఉంది, దాన్నీ పీకేసి ఒకసారి చూడు.

మీ సార్‌తో ఎలా చెప్పాలా అని టెన్షన్ పడకు. ఆయన తప్పన్నట్టు మొదలుపెట్టకు. లీడ్లు రెండూ సోర్సు మీద ఉన్న ఫొటో, గేటు మీద తీసిన ఫొటో ఒకే స్కేల్లో పక్కపక్కన పెట్టి, "సార్, ఇది సున్నా వోల్టులు కొలిచినప్పుడు వచ్చింది, ఒకసారి చూస్తారా" అను. ఇంజనీరు అయినవాడికి ఆ తర్వాత చెప్పాల్సింది పెద్దగా ఉండదు. రెసిస్టర్ మార్చాలా వద్దా అన్నది ఆయన్నే తేల్చనివ్వు.

ఫొటోలు మళ్లీ పంపేటప్పుడు వోల్ట్స్ పర్ డివిజన్, టైమ్‌బేస్ కనిపించేలా తీయి, పోయినసారి వేలు అడ్డం పెట్టావు. ప్రోబు ఏ అటెన్యుయేషన్ మీద ఉందో కూడా రాయి. నా దగ్గర రెండు మంచి ఫెరైట్ రింగులున్నాయి, ఆదివారం మీ నాన్న వస్తే ఇచ్చి పంపుతాను.

ఇట్లు,
మావయ్య